పచ్చ మీడియా, నీలి మీడియా: మధ్యలో మన కరకట్ట

మా హంసలదీవిలో టీ కొట్టు దగ్గర రోజూ ఒకటే గొడవ. "నీది పచ్చ మీడియా", "నీది నీలి మీడియా". ఇది ఎక్కడ మొదలైందో ఇవాళ చూద్దాం.

1974లో విశాఖలో ఈనాడు పెట్టిన రామోజీరావు గారిది మన గుడివాడ దగ్గరి పెదపారుపూడి. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెడితే ఈనాడు గట్టి అండ. 1995లో అదే ఎన్టీఆర్‌ని దించినప్పుడు మాత్రం చంద్రబాబు వైపు నిలబడింది. 2008లో జగన్ సాక్షి తెచ్చారు, రెండో వైపు కూడా చూపించాలని.

బ్రిటన్‌లోనూ పత్రికలకు పార్టీలున్నాయి. ఎన్నికల ముందు ఎవరికి మద్దతో చాలావరకు బాహాటంగానే రాసేస్తాయి. టీవీ వార్తలు మాత్రం ఏ పక్షమూ పట్టకూడదు, ఆఫ్‌కామ్ అనే సంస్థ చూస్తుంది. మన దగ్గర మద్దతు హెడ్డింగ్‌లో దాక్కుంటుంది.

కరకట్ట పనే అనుకోండి. ఒక పేపర్లో "జోరుగా పనులు", ఇంకోదాంట్లో "పనులెక్కడ?". మనం దేన్ని నమ్మాలి?

నేను చూసేవి మూడే. ఎన్ని కిలోమీటర్లు, ఎంత డబ్బు, ఏ తేదీకి పూర్తి? ఇవి లేకుండా పొగడ్తో తిట్టో మాత్రమే ఉంటే అది వార్త కాదు, ప్రచారం. తర్వాత రెండో పేపర్ ఏం వదిలేసిందో చూస్తా.

1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమలో ఎవరినీ పార్టీ అడగలేదు. కట్ట గట్టిగా ఉందా లేదా, మనకి కావాల్సింది అదీ. షేర్ కొట్టే ముందు ఆ మూడూ వెతకండి. మళ్లీ కలుద్దాం!