ఖలీఫా అంటే ఎవరి స్థానంలో, ఎవరి వెనుక?



భూమిపై ఒక ఖలీఫాను నియమించబోతున్నట్లు అల్లాహ్ దైవదూతలకు తెలియజేసిన సంగతి బఖరా సూరాలో (2:30) ఉంది. తెలుగు అనువాదాల్లో ఈ పదాన్ని సాధారణంగా ‘ప్రతినిధి’ అని చదువుతాము. ఆ అర్థం ప్రసిద్ధమే. అయితే అరబ్బీలో ‘ఖల్ఫ్’ అంటే వెనుక. ఒకరి వెనుక వచ్చి, వారు విడిచిన చోట నిలిచేవాడు ఖలీఫా. ఇమామ్ ఇబ్నె కసీర్ (రహ్మ) ఈ ఆయతుకు తరం వెనుక తరంగా వచ్చే మానవులనే భావం చెప్పారు.

మూసా (అలై) కొండకు వెళుతూ హారూన్‌ను (అలై) తన స్థానంలో నిలిపారు (7:142). వెళ్లేవాడికి బదులు మనిషి కావాలి. అల్లాహ్ ఎన్నడూ గైర్హాజరు కాడు గనుక మనిషిని ‘అల్లాహ్‌కు ఖలీఫా’ అనరాదని కొందరు పండితులు అభిప్రాయపడ్డారు. అలా పిలిచినవారిని హజ్రత్ అబూబక్ర్ (రజి) సరిదిద్ది, తాను దైవప్రవక్తకు (స.అ.సం) ఖలీఫానని చెప్పినట్లు ఉల్లేఖనం ఉంది.

మన బందరులోనూ ఇటువంటి పదం ఒకటి ఉండేది. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల తరఫున ఈ రేవును హవల్దారు పాలించేవాడు. ‘హవాలా’ అంటే అప్పగింత. కాని ఆ పదవిని ఎక్కువ సొమ్ము ఒప్పుకున్నవారికి గుత్తకిచ్చేవారు. గుత్తదారు ఆ సొమ్మును ప్రజల నుండి, వర్తకుల నుండి పిండుకొనేవాడు. పేరులో అప్పగింత, నడతలో యాజమాన్యం!

పూర్వతరాల తర్వాత మిమ్మల్ని భూమిపై వారి స్థానంలో నిలిపాము, మీరెలా నడచుకుంటారో చూడడానికి అన్న భావం యూనుస్ సూరాలో (10:14) ఉంది. 1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది ఒక్క రోజులో పోయారు. నేడు అక్కడ దున్నేవారు, వల వేసేవారు, రొయ్యల చెరువులు తవ్వేవారు అక్షరాలా ఖలీఫాలే. సముద్రానికీ ఊరికీ నడుమ మడ అడవి ఉంటే కెరటం ఉధృతి తగ్గుతుంది. దానిని నరికి చెరువు తవ్వితే రాబడి మనది. రేపు ఉప్పెనకు ఎదురు నిలిచేది మన వెనుక వచ్చేవారు.

వెనుక ఉండడమంటే కాలంలోనే కాదు, కాలువలోనూ. గుడివాడ, బందరు ప్రాంతాల రైతులకు శివారు భూమి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తన వంతు ముగిసినా తూము మూయక ఇంటికి వెళ్లి పడుకొన్న ఎగువ రైతును కూడా ఈ ఆయతు సంబోధిస్తున్నది. శివారు మడిలో ఆ రాత్రి నారు ఎండుతూ ఉంటుంది.