తొమ్మిదో నెల పడితే చాలదు... నిండాలి!

"అమ్మాయికి ఎన్నో నెల?"

"తొమ్మిది పడిందండీ. ఇంకేముంది, నేడో రేపో!"

ఈ మాటలు వినపడని ఇల్లుండదు. తొమ్మిదో నెల పడగానే నెలలు నిండిపోయినట్టే లెక్కేసుకుంటాం. సిజేరియన్ తప్పదని డాక్టరమ్మ చెప్పిందంటే ఆ సాయంత్రమే పంచాంగం బయటికొస్తుంది. అష్టమి వద్దు, అమావాస్య వద్దు, మూఢం రాకముందే కానిచ్చేయాలి. అల్లుడి సెలవు కూడా అప్పుడే కుదిరింది. "ఎలాగూ ఆపరేషనేగా, పది రోజులు ముందైతే ఏం పోయింది?" అని ఓ పెద్దావిడ తీర్మానం!

ఏం పోతుందో తెలుసుకోవాలంటే ముందు లెక్క సరిచూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. కాన్పు తేదీ మనుషుల చేతిలోకి వచ్చిన ఇళ్లు మన దగ్గర అన్ని ఉన్నాయన్నమాట. అందుకే ఈ లెక్క మనకు మరీ అవసరం.

పడటం వేరు, నిండటం వేరు

ఆఖరిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కపెడతారు. ఎనిమిది నెలలు పూర్తయి తొమ్మిదో నెల పడేసరికి దాదాపు 35 వారాలు అవుతాయి. తొమ్మిది నెలలూ నిండేసరికి 39 వారాలు. అంటే మనం 'నేడో రేపో' అనుకుంటున్న రోజుకీ, బిడ్డ నిజంగా సిద్ధమయ్యే రోజుకీ మధ్య నాలుగు వారాల తేడా!

34 వారాలు నిండి 37 నిండకుండా పుట్టిన పిల్లల్ని 'లేట్ ప్రీటర్మ్' అంటారు. 37 వారాల నుంచి 38 వారాల 6 రోజుల దాకా 'ఎర్లీ టర్మ్'. ఒకప్పుడు 37 దాటితే చాలు, అంతా ఒకటే అనుకునేవారు. 2013లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 39 వారాల నుంచి 40 వారాల 6 రోజుల దాకా పుట్టినవారినే 'ఫుల్ టర్మ్' అనాలని నిర్ణయించింది.

ఆ నాలుగు వారాల్లో...

బిడ్డ మెదడు 35 వారాలప్పుడు, 40 వారాలకు ఉండాల్సిన బరువులో మూడింట రెండొంతులే ఉంటుంది. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే జిగురులాంటి పదార్థం చివరి వారాల్లోనే సమృద్ధిగా తయారవుతుంది. ఊపిరితిత్తుల్లోని నీరు ఆరిపోవడానికి నొప్పులు సాయపడతాయి. అందుకే నొప్పులు రాకముందే, తొందరపడి చేసే సిజేరియన్లలో పిల్లలకు ఆయాసం ఎక్కువ. ఒంట్లో కొవ్వు చాలక త్వరగా చల్లబడిపోతారు. రక్తంలో చక్కెర పడిపోతుంది. కాలేయం పూర్తిగా పక్వం కాక పసిరికలు ముదురుతాయి.

ఇంతకుముందు సిజేరియన్ అయిన తల్లులకు మళ్లీ ముందే అనుకున్న తేదీకి చేసిన ఆపరేషన్లపై అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన 2009లో వెలువడింది. 39 వారాలకు పుట్టిన పిల్లల్లో 8 శాతం మందికి ఇబ్బందులు వస్తే, 38 వారాలకు 11 శాతం, 37 వారాలకు 15 శాతం మందికి వచ్చాయి. ఆ 'పది రోజుల' ఖరీదు అదీ!

ఏడో నెల పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదని మన పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే.

ముందే కనక తప్పకపోతే?

బి.పి. పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, షుగర్ అదుపులో లేకపోయినా, మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ ఎదుగుదల ఆగినా 39 వారాల దాకా ఆగమనడం ప్రమాదం. అప్పుడు కడుపులో కంటే బయటే బిడ్డకు క్షేమం. డాక్టర్ ముందే చెయ్యాలంటే "ఎందుకండీ?" అని అడిగి తెలుసుకోండి. కారణం తెలిశాక మంచిరోజు కోసం ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకండి. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అలాగని 41 వారాలు దాటినా "నొప్పులు అవే వస్తాయిలే" అని ఇంట్లో కూర్చోవడమూ మంచిది కాదు.

చూపుకు మోసపోవద్దు

ముప్ఫై ఆరో వారంలో పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలు ఉండొచ్చు. చూడవచ్చినవాళ్లంతా "బాగానే ఉన్నాడుగా" అంటారు. కానీ చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం మూడూ ఒకేసారి చెయ్యడం వాడికింకా చేతకాదు. రెండు గుక్కలు తాగి నిద్రపోతాడు. "ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అని మురిసిపోకుండా రెండు మూడు గంటలకోసారి లేపి పాలు పట్టాలి. చప్పరించలేకపోతే పాలు పిండి స్పూన్‌తో పట్టొచ్చు. తల్లి గుండెలకు ఆనించి పడుకోబెట్టుకుంటే వెచ్చగా ఉంటాడు, పాలూ పడతాయి. నలుగులూ తలంటులూ డాక్టర్ సరేననేదాకా వాయిదా వెయ్యండి. సాంబ్రాణి పొగ అసలే వద్దు. పసుపుదనం పొట్టకీ కాళ్లకీ పాకినా, పాలు మానేసినా, ఎగశ్వాస కనిపించినా ఎండలో చూపించి సరిపెట్టుకోక వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పుట్టింటికి వెళ్లేటప్పుడు...

మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ చెప్పే తేదీయే నమ్మదగ్గది. చివరి నెలల్లో తీసినదాంట్లో రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. మనవాళ్లు పురిటికి ఊరు మారతారు, డాక్టరూ మారుతుంది. మొదటి స్కానింగ్ కాగితం మాత్రం అత్తగారింటి బీరువాలోనే ఉండిపోతుంది! చీరలకంటే ముందు దాన్ని పెట్టెలో పెట్టుకోండి. "నాకిప్పుడు ఎన్ని వారాలు?" అని ప్రతిసారీ డాక్టర్ని అడగండి.

ముహూర్తం పెట్టించుకోవాలని ఇంట్లో పట్టుబడితే పోట్లాడక్కర్లేదు. తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే, 39 వారాలు నిండిన తర్వాత డాక్టర్ సరేనన్న రోజుల్లోనే మంచిరోజు చూడమనండి. పంతులుగారికి ముందు ఆ తేదీలు రాసివ్వండి, తర్వాతే పంచాంగం తెరవమనండి!