ఒక్క రాత్రికి... నాలుగున్నర కిలోలు!

సెలవు రోజు సైకిలెక్కి ఊరు దాటాలి. పొద్దు వాలేవేళకి ఏ తోట పక్కనో, సత్రం ముంగిట్లోనో ఆగాలి. చుక్కల కింద నిద్రపోయి తెల్లారాక ఇంటిదారి పట్టాలి. ప్రపంచమంతా 'బైక్‌ప్యాకింగ్' అంటున్న ఈ సరదాకి వేలకు వేలు పోయక్కర్లేదు. బడిసంచులు కుట్టే దర్జీ, పాత సైకిల్ స్పోకులు, కిరాణా కొట్టు కాటా... వీటితోనే సగం పనైపోతుంది!

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి ముందురోజు తొలేళ్లు. ఆ రోజే చుట్టుపక్కల పల్లెల జనం పట్నం చేరిపోతారు. వాళ్ల చేతుల్లోకి ఒక్కసారి చూడండి. ఒక దుప్పటి, పూటకి సరిపడా పులిహోర, నీళ్ల సీసా, మార్చుకోవడానికో జత. అంతే! ఆ రాత్రి ఏ అరుగు మీదో ఆ దుప్పటే పరుపు, ఆ మూటే తలగడ.

ఒక్క రాత్రికి మనిషికి ఏం కావాలో ఉత్తరాంధ్ర పల్లెలకి ఎవరూ నేర్పక్కర్లేదు. అదే సైకిల్ యాత్ర అనేసరికి లెక్క తప్పుతుంది. నలుగురు పట్టే గుడారం, చలిదేశాల రగ్గు, రెండు జీన్సు ప్యాంట్లు, గిన్నెలు, 'ఎందుకైనా మంచిది' అంటూ మరో సంచీ. బరువు పదిహేను కిలోలు దాటుతుంది. మొదటి ఎగువ రాగానే సైకిల్ దిగి నెట్టాలి. రెండో ఎగువకి విసుగు. ఇంటికొచ్చాక ఆ సైకిల్ మళ్లీ మెట్ల కిందికే! కొత్తవాళ్లలో చాలామంది మొదటి యాత్రే ఆఖరి యాత్ర కావడానికి కారణం కాళ్లలో సత్తువ లేక కాదు, సంచిలో సరుకు ఎక్కువై.

మొదట కాటా... తర్వాతే బాట

చదునైన తారురోడ్డు మీద నాలుగు కిలోలు ఎక్కువైనా పెద్దగా తెలియదు. సైకిల్ ఒకసారి వేగం అందుకుంటే గాలితోనే అసలు పోరాటం. కానీ ఎగువ వచ్చిందా... ప్రతి కిలోనీ కాళ్లే పైకి మోయాలి. గతుకుల దారిలోనూ అంతే. వెనక బరువు ఎక్కువైతే హ్యాండిల్ తేలిపోతుంది. గుంతలో పడ్డప్పుడు టైరు నలిగి ట్యూబు చీలుతుంది.

అందుకే అనుభవమున్నవాళ్లు చేసే మొదటి పని... ప్రతి వస్తువునీ కాటాలో పెట్టి గ్రాముల్లో రాసుకోవడం. చీటీ చూశాక ఆశ్చర్యపోవడం మనవంతు! ఖాళీ స్టీలు నీళ్ల సీసా ఒక్కటే 300 గ్రాముల పైన తూగుతుంది. దుకాణంలో కొన్న లీటరు ప్లాస్టిక్ సీసా ముప్ఫై గ్రాములుంటే ఎక్కువ. జీన్సు ప్యాంటు ముప్పావు కిలో, పైగా తడిస్తే ఓ పట్టాన ఆరదు. దాని బదులు లుంగీ పెట్టుకుంటే కట్టుకోవచ్చు, కప్పుకోవచ్చు, తుడుచుకోవచ్చు. ఒక వస్తువు రెండు పనులు చేయాలి. తేలికగా సర్దుకోవడంలో అసలు సూత్రం ఇదే.

ఇది కొత్త సూత్రమేం కాదు. 1884లో థామస్ స్టీవెన్స్ అనే యువకుడు ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉండే ఆ కాలపు సైకిల్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ప్రపంచ యాత్రకి బయల్దేరాడు. వెంట తీసుకున్నవి... మేజోళ్లు, ఓ చొక్కా, రివాల్వరు, రాత్రిపూట గుడారంగానూ పక్కగానూ పనికొచ్చే వానకోటు. 1886లో లాహోర్ నుంచి కలకత్తా దాకా మన దేశంలోనూ తొక్కాడు. 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల బామ్మ, మూడు వేల కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ కాలిబాటని ఒంటరిగా నడిచి పూర్తిచేసింది. భుజాన ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి, వాన పడితే కప్పుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ తెర. ఖరీదైన సామాను లేనిదే దారి నడవదనుకునే వాళ్లకి ఆ బామ్మే సమాధానం!

మూడు సంచుల సంగతి

బైక్‌ప్యాకింగ్‌లో సైకిల్‌కి ఇరువైపులా పెద్ద పెద్ద సంచులు వేలాడవు. సైకిల్ ఒంటికి అంటుకుపోయినట్టు మూడే ఉంటాయి. ఫ్రేము మధ్య ముక్కోణంలో ఒకటి, సీటు కింద తోకలా ఒకటి, హ్యాండిల్‌కి చుట్టచుట్టి కట్టేది మరొకటి. అలాస్కా మంచుదారుల్లో, కెనడా నుంచి మెక్సికో సరిహద్దు దాకా 4,300 కిలోమీటర్లకు పైగా సాగే 'టూర్ డివైడ్' లాంటి పోటీల్లో పదునెక్కిన పద్ధతి ఇది. పేరున్న కంపెనీ సంచుల జత కొనాలంటే మనలో చాలామంది తొక్కే సైకిల్ ఖరీదే దాటిపోతుంది. ఆ కంపెనీల్లో కొన్ని కూడా ఒకప్పుడు ఇంట్లో కుట్టుమిషను ముందు మొదలైనవే!

కుట్టించుకోవడం కష్టమేం కాదు. పాత అట్టపెట్టెని సైకిల్ ముక్కోణంలో పెట్టి పెన్సిలుతో గీత గీయండి. చుట్టూ ఒక సెంటీమీటరు తగ్గించి కత్తిరించండి. అదే కొలత. ఆ అట్టముక్క పట్టుకుని బట్టలు కుట్టే దర్జీ దగ్గరికి కాదు, బడిసంచులు కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్ల మిషనుకి లావు సూది ఉంటుంది. లోపల పూత వేసిన నైలాన్ గుడ్డ, జిప్పు, పట్టీలు, బకిల్సు అన్నీ అక్కడే దొరుకుతాయి. దారం మాత్రం పాలిస్టరుదే కావాలి. నూలు దారం ఎండకీ వానకీ తొందరగా చివుకుతుంది. కత్తిరించిన నైలాన్ అంచుల్ని కొవ్వొత్తి మంటకి కాస్త చూపిస్తే పోగులు ఊడవు.

ఇంటి సంచిలో ఎక్కువగా దెబ్బతినేది సీటు కిందిది. కాలు తొక్కినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతుంది. అడుగున పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట పెట్టి కుట్టిస్తే నిటారుగా నిలుస్తుంది. కుట్ల రంధ్రాల్లోంచి నీరు దిగడం మాత్రం ఖాయం. దానికి మందు... సామానంతా ముందు మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ తర్వాతే సంచిలో సర్దడం. అన్నిటికంటే ముఖ్యం, వేలాడే పట్టీ ఒక్కటీ ఉండకూడదు. పట్టీ చక్రంలో చుట్టుకుంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు.

నల్ల సైకిల్ తక్కువేం కాదు!

గేర్ల సైకిల్ లేదని బెంగ అక్కర్లేదు. ఇరవై కిలోల దాకా తూగే పాత నల్ల సైకిల్ కొండలెక్కడానికి బరువే కానీ, చదును దారుల్లో ఒక రాత్రి యాత్రకి లక్షణంగా సరిపోతుంది. ఫ్రేము ముక్కోణం పెద్దది కాబట్టి సంచిలో ఎక్కువ పడుతుంది. వెనక క్యారేజీ ఎలాగూ ఉంది. పాలవాళ్లూ చేపలవాళ్లూ చేసినట్టు పాత ట్యూబుని పట్టీలుగా కోసి కట్టుకుంటే ఏ బకిలూ అంత బిగువుగా పట్టదు.

జాగ్రత్త ఒక్కటే. నల్ల సైకిల్‌కి బ్రేకులు వైర్లతో కాదు, ఇనుప కడ్డీలతో పనిచేస్తాయి. హ్యాండిల్ మీద చుట్ట కడితే ఆ కడ్డీలు కదలకుండా పోవచ్చు. అందుకే ముందు ఏమీ కట్టకుండా అంతా క్యారేజీ మీదే సర్దుకోవడం క్షేమం. మరో లాభమూ ఉంది. దాని టైరూ ట్యూబూ ఏ పల్లె సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. సన్న వాల్వు ఉండే విదేశీ రకం ట్యూబు పేలితే మాత్రం పట్నం దాకా నడవాల్సిందే!

పైన పరదా... కింద చాప

గుడారం బదులు పరదా. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు చాలు. టార్పాలిన్ కొనేటప్పుడు జీఎస్ఎం అడగండి. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే అంకె అది. 200 జీఎస్ఎం అయితే ఈ కొలతకి 1,200 గ్రాములు తూగుతుంది. 120 అయితే 720. సిలికాన్ పూతపూసిన సన్న నైలాన్ ఇంకా తేలిక, కానీ ఖరీదు. ఒక వైపు సైకిల్‌కీ ఇంకో వైపు చెట్టుకీ తాడు కడితే కప్పు తయారు.

మేకులు కొనక్కర్లేదు. సైకిల్ షాపులో పక్కన పడేసిన పాత స్పోకుల కొసలు వంచితే చాలు. గట్టినేలలో చక్కగా నిలుస్తాయి. సముద్రపు ఇసుకలో మాత్రం నిలవవు. అక్కడ చిన్న సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టాలి.

ఇక, దోమతెర. పరదా మరిచిపోయినా పర్లేదు, దోమతెర మరవకూడదు. మలేరియా, డెంగీ తెలిసిన ప్రాంతం మనది. ఒక్కరికి సరిపడే పలచటి తెర 300 గ్రాములే. కిందకి తుంగచాప హాయిగానే ఉంటుంది కానీ సైకిల్‌కి చోటు చాలదు. పలచటి ఫోమ్ చాప చుట్టచుట్టుకుంటే తేలిక. ఆపైన నూలు దుప్పటి. మైదానంలో పౌషమాసపు చలికైనా దానికి తోడు ఒంటి మీద పొడుగు చేతుల చొక్కా ఉంటే సరిపోతుంది. విదేశీ ఈకల రగ్గు అరకు, లంబసింగి వెళ్లేవాళ్లకి వదిలేయండి.

పొయ్యి అవసరమా?

శీతలపానీయం ఖాళీ డబ్బాని కోసి, స్పిరిటుతో వెలిగే చిన్న పొయ్యి చేసుకోవడం తేలికసామాను ప్రియులకి మహా సరదా. బరువు పదిహేను గ్రాములే! కానీ స్పిరిటు మంట పగటివెలుగులో కంటికి కనిపించదు. ఎండుగడ్డి, తాటాకు పాకలు, సరుగుడు తోటలు ఉన్నచోట ఆ సరదా ఊరికే ముప్పు. పైగా ఒక్క రాత్రే కదా... చింతపండు పులుపుతో కలిపిన పులిహోర రాత్రికి చెక్కుచెదరదు. అటుకులూ బెల్లమూ వేరుశనగలూ జేబులో ఉంటే దారిపొడుగునా బలం. పొద్దున్నే ఏ కూడలిలోనైనా వేడివేడి ఇడ్లీ సిద్ధం. అన్నిటికంటే తేలికైన పొయ్యి... ఇంట్లో వదిలేసిన పొయ్యే!

కొనాల్సినవి కొనాల్సిందే

మోసేవి కుట్టుకోవచ్చు. ప్రాణం కాపాడేవి మాత్రం కొనాలి. హెల్మెట్, ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, మంచి పంపు, అదనపు ట్యూబు... వీటిలో పొదుపు పనికిరాదు. తుమ్మముళ్ల దారుల్లో పంక్చరు అతిథి కాదు, ఇంటిమనిషి! లారీల వెనక అంటించే మెరుపు టేపు ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతుంది. మూరెడు ముక్క సంచి వెనక అంటిస్తే ఖర్చు తక్కువ, రక్షణ ఎక్కువ.

తూకం చీటీ (సుమారుగా)

మూడు సంచులు: 800 గ్రాములు
పరదా, తాళ్లు, మేకులు: 900 గ్రాములు
దోమతెర: 300 గ్రాములు
ఫోమ్ చాప: 300 గ్రాములు
నూలు దుప్పటి: 400 గ్రాములు
ఒక జత బట్టలు, లుంగీ: 500 గ్రాములు
పంపు, ట్యూబు, పానాలు, ప్యాచీలు: 700 గ్రాములు
దీపాలు, పవర్‌బ్యాంకు: 350 గ్రాములు
మందులు, సబ్బు, బ్రష్షు: 200 గ్రాములు
మొత్తం: 4,450 గ్రాములు

దీనికి రెండు లీటర్ల నీళ్లు, అరకిలో తిండి కలిపితే ఏడు కిలోలు. నీళ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఎండ ముదిరితే నాలుగు లీటర్లయినా మోయాల్సిందే.

చీపురుపల్లి నుంచి ఎటు?

మొదటి యాత్ర ఎక్కడికంటే... సొంత డాబా మీదికి! నిజమే. పరదా కట్టి, దోమతెర దించి, ఇంట్లోవాళ్లతో పైనుంచి రెండు బకెట్ల నీళ్లు పోయించుకోండి. ఎక్కడ కారుతుందో, ఏది మరిచిపోయారో ఆ రాత్రే తెలిసిపోతుంది. కావాలంటే కిందికి దిగితే సొంత మంచమే కదా.

ఆ తర్వాత రామతీర్థం. రామస్వామి గుడి, పక్కనే గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఆనవాళ్లు. కొండ మీద కాకుండా కింద ఊళ్లో అడిగి చోటు చూసుకోవాలి. మరోవైపు రైలుదారి పక్కపక్కనే సిగడాం మీదుగా పొందూరు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి, సన్నని నూలు వడికే ఊరది. చేతిపని ఎంత తేలికైన గుడ్డనివ్వగలదో అక్కడ చూడాల్సిందే. సముద్రం కావాలంటే జాతీయ రహదారి దాటి చింతపల్లి తీరం, దీపస్తంభం.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అక్టోబరుని నమ్మలేం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది ఆ నెలలోనే. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది కాబట్టి ఐదుకే ఆగిపోవాలి. రహదారి మీద రాత్రి తొక్కకూడదు. ఉరిమితే తాటిచెట్టు కింద నిలబడకూడదు. ఎక్కడ పడుకున్నా ఆ ఊళ్లో ఒకరితో చెప్పి పడుకోవాలి. ఇంట్లోవాళ్లకి దారి, ఊరి పేరు, చేరే వేళ రాసిచ్చి వెళితే అమ్మకీ నిద్ర పడుతుంది.

సరదా కాని ప్రయాణం

ఇదే రహదారి మీద 2020 లాక్‌డౌన్‌లో వందల కిలోమీటర్లు సైకిల్ తొక్కుతూ ఒడిశా, బెంగాల్, బీహార్‌ల వైపు సాగిపోయిన వలస కూలీలున్నారు. అదే ఏడాది మే నెలలో బీహార్ బాలిక జ్యోతి కుమారి, గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కింది. వాళ్లెవరూ తూకం చీటీ రాసుకోలేదు. చేతికందిందే కట్టుకుని బయల్దేరారు. సైకిల్ ఒక మనిషిని ఎంతదూరం తీసుకెళ్లగలదో, ఎంత తక్కువతో తీసుకెళ్లగలదో చూపించింది వాళ్లే. మనకి అది ఒక్క రాత్రి సరదా కావడం మన అదృష్టం.

అందుకే మరో శనివారం సైకిల్ దుమ్ము దులపండి. చీటీ రాయండి, కాటా వేయండి. సగం సామాను మళ్లీ బీరువాలోకి పోతుంది. ఆదివారం పొద్దున టిఫిన్ హోటల్ ముందు సైకిల్ స్టాండు వేస్తుంటే ఎవరో ఒకరు అడగకపోరు... ''ఏటి బాబూ, రాత్రంతా బైటే ఉన్నారంతన్నారు. సామానింతేనా?''

ఆ మాట అడిగించుకున్నారంటే, మీకు సర్దుకోవడం వచ్చేసినట్టే!