ప్రశ్నకూ జవాబుకూ మధ్య

కలకత్తా నుంచి బెజవాడ వైపు రావాలంటే, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ కోసం ఇదివరకు హౌరా స్టేషనుకు వెళ్ళేవాళ్ళం. 2022లో ఆ బండిని హౌరా వైపునే, నది వెంట కాస్త దక్షిణంగా ఉన్న మరో స్టేషనుకు మార్చారు. పోయినసారి నన్ను అక్కడ దిగబెట్టడానికి మా అన్నయ్య టాక్సీలో వచ్చాడు. అన్నయ్యంటే మా పెదనాన్నగారి అబ్బాయి. రైల్వే ఉద్యోగానికని వెళ్ళి ముప్ఫయ్యేళ్ళుగా అక్కడే ఉండిపోయాడు. ఆ ఊరి గాలి తగిలి క్విజ్ పిచ్చి పట్టుకుంది. హుగ్లీ మీద విద్యాసాగర్ వంతెన ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టాడు.

"శ్రీనగర్‌లో జహంగీరు వేయించిన తోట. 1902లో హౌరాలో పుట్టిన రంగుల కంపెనీ. 1925లో పారిస్‌లో వెలువడిన అత్తరు. మూడింటికీ ఒకటే పేరు. ఏమిటది?"

నా చెయ్యి సెల్‌ఫోను మీదికి పోయింది. "అది తియ్యకు. స్టేషను చేరేదాకా టైముంది" అన్నాడు.

జవాబు తట్టని పాఠకులు కూడా కాసేపు ఆగాలని మనవి. తట్టినవారు పక్కవారికి చెప్పకండి. ప్రశ్న విన్న క్షణానికీ జవాబు తెలిసే క్షణానికీ మధ్య ఉండే ఈ కొద్ది వ్యవధిలో మన తలలో ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాసం విషయం. ఆ వ్యవధిని అమ్ముకుని బతికిన ఒక పరిశ్రమ కూడా ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

బారులో బల్ల మీది పెట్టె

ఇంగ్లండులో పబ్ అంటే ఒట్టి తాగుడు దుకాణం కాదు, పేటకొక రచ్చబండ కూడా. 1976లో షారన్ బర్న్స్, టామ్ పోర్టర్ అనే ఇద్దరు దక్షిణ ఇంగ్లండులోని పబ్బుల మధ్య 32 జట్లతో క్విజ్ పోటీలు ప్రారంభించారు. బేరం పలచగా ఉండే రాత్రుళ్ళలో జనాన్ని రప్పించడం ఇందులోని ఎత్తుగడ. ఒకాయన మైకు పట్టుకుని ప్రశ్నలు చదువుతాడు, జట్లు కాగితం మీద జవాబులు రాస్తాయి. పెట్టుబడి అంతే.

అమెరికావాళ్ళు దీనికి యంత్రాన్ని తగిలించారు. కాలిఫోర్నియాలోని ఎన్‌టీఎన్ అనే కంపెనీ 1980లలో మొదట తెచ్చింది ప్రశ్నల ఆట కాదు. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచి జరుగుతుండగా, తర్వాతి ఎత్తు ఎలా వేస్తారో బారులో కూర్చున్నవాళ్ళు ఊహించి మీట నొక్కే ఆట. దాని వెనకే విజ్ఞాన ప్రశ్నల ఆటలు వచ్చాయి. 1990లలో అమెరికా, కెనడాలలోని వేలాది బార్లు, రెస్టారెంట్లు ఒకే సమయంలో ఒకే ప్రశ్నకు జవాబు చెప్పుకునేవి.

పని చేసే తీరు ఇది. ప్రశ్నలు కేంద్రం నుంచి ఉపగ్రహం ద్వారా ఒక్కో బారులోని కంప్యూటరుకు చేరతాయి. గోడమీది టీవీలో ప్రశ్న, దాని కింద జవాబుల జాబితా కనిపిస్తాయి. ఆడేవాళ్ళ బల్లల మీద అరచేతి కన్నా కాస్త పెద్ద పెట్టెలు ఉంటాయి. మీట నొక్కితే పెట్టె రేడియో తరంగాలతో బారులోని కంప్యూటరుకు కబురు పంపుతుంది. ఎవరు ఎంతలో నొక్కారో ఆ కంప్యూటరే లెక్కకట్టి, మొత్తం మార్కులను టెలిఫోను తీగ మీదుగా కేంద్రానికి పంపుతుంది. కొద్దిసేపట్లో దేశం మొత్తంమీద ఏ బారు ఎన్నో స్థానంలో ఉందో తెర మీద పడుతుంది. తమ ఊరి బారు పేరు పైకి ఎక్కడం చూడడానికే జనం మరో గంట కూర్చునేవారట! యజమానికి కావలసిందీ అదే.

భూస్థిర ఉపగ్రహం ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. సంకేతం పైకి వెళ్ళి కిందికి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. కాని ఆ ఆలస్యం బార్లన్నింటికీ దాదాపు ఒక్కటే కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. పైగా వేగాన్ని కొలిచే గడియారం కేంద్రంలో కాక, బారులోనే ఉంటుంది.

ఈ కంపెనీ తర్వాత బజ్‌టైమ్ అనే పేరు తగిలించుకుంది. సెల్‌ఫోన్లు, ఆపైన కరోనా కాలపు మూసివేతలు దాన్ని కుంగదీశాయి. 2021లో ఆటల వ్యాపారాన్ని మరొకరికి అమ్మి, మిగిలిన కంపెనీని కేన్సరు మందుల మీద పరిశోధించే సంస్థతో కలిపేశారు. క్విజ్ కంపెనీ వాటాలు కొన్నవాళ్ళు మందుల కంపెనీ వాటాదారులయ్యారు. ఇదే ఒక క్విజ్ ప్రశ్నకు పనికొస్తుంది.

ఆగితే లాభమా?

ఈ ఆటలో ఉన్న కిటుకు మార్కుల పద్ధతి. ప్రశ్న పడగానే నొక్కితే పూర్తి మార్కులు. క్షణాలు గడిచేకొద్దీ మార్కులు కరిగిపోతాయి. మరోవైపు తెర మీద సూచనలు వస్తూ జవాబును తేలిక చేస్తాయి. ఆగాలా, నొక్కాలా?

లెక్క సులభంగా ఉండడానికి మనమే ఒక ఆట అనుకుందాం. అయిదు జవాబులు, 1000 మార్కులు. కొంతసేపటికొకసారి ఒక తప్పు జవాబు తెరమీంచి మాయమవుతుంది, అదే సమయంలో 200 మార్కులు తగ్గుతాయి. ఏమీ తెలియని మనిషి మొదట్లోనే గుడ్డిగా నొక్కితే, అయిదింట ఒక వంతు అవకాశం. 1000లో అయిదో వంతు, అంటే సగటున 200 మార్కులు. ఒక జవాబు పోయేదాకా ఆగితే 800లో నాలుగో వంతు. మళ్ళీ 200. ఇంకా ఆగితే 600లో మూడో వంతు, 400లో సగం. ఎప్పుడు నొక్కినా సగటు 200 దగ్గరే నిలబడుతుంది.

సగం తెలిసినవాడి మాటేమిటి? రెండు జవాబుల మధ్య ఊగిసలాడుతున్నాడు, మిగతా మూడూ కావని అతనికి తెలుసు. వెంటనే నొక్కితే సగటున 500. ఒక మెట్టు ఆగాడనుకోండి. నాలుగు తప్పుల్లో మాయమయ్యేది అతన్ని వేధిస్తున్న తప్పే కావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అలా జరిగితే 800 ఖాయం. జరక్కపోతే 800లో సగం, 400. రెండూ కలిపి సగటు చూస్తే మళ్ళీ 500! ఓపికున్నవారు మూడు జవాబుల మధ్య ఊగేవాడి లెక్క కూడా వేసి చూడవచ్చు. అక్కడా అంతే.

అంటే ఈ ఆటలో ఒట్టి అంకెల మీద ఆధారపడి ఆగినవాడికి నష్టం లేదు, లాభమూ లేదు. బాగా తెలిసినవాడికి ఆగితే నష్టమే. ఆగడం వల్ల లాభం కలిగేది ఒక్కరికే. జవాబు తలలో ఎక్కడో ఉండి, ఇంకా పైకి రానివాడికి.

నాలుక చివర

టాక్సీలో నా పరిస్థితి అదే. నేను ముందు ధైర్యంగా "నిషాత్" అన్నాను. శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున మొగలుల తోట చూసిన గుర్తు. "కాదు. నిషాత్ జహంగీరు బావమరిది ఆసఫ్ ఖాన్ వేయించింది" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత నాలుక చివరన ఏదో ఆడింది. అందులో 'ష' ఉందనీ, మూడు నాలుగు అక్షరాల మాటనీ తెలుస్తోంది. మాట మాత్రం రాదు.

ఈ స్థితిని ప్రయోగశాలలోకి తెచ్చినవారు హార్వర్డ్‌కు చెందిన రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్. 1966లో ప్రచురించిన పరిశోధనలో వారు విద్యార్థులకు అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, మాట చెప్పమన్నారు. మాట నాలుక చివర ఆడుతోందన్నవారిని, కనీసం దాని మొదటి అక్షరమేమిటో, ఎన్ని భాగాలుగా పలుకుతామో ఊహించమన్నారు. మొదటి అక్షరాన్ని సగానికి పైగా సార్లు సరిగ్గానే చెప్పారు. మాట మొత్తంగా మరుపున పడిపోలేదన్నమాట. దాని ధ్వని తాలూకు ముక్కలు కొన్ని చేతికి అందుతున్నాయి, అర్థమూ అందుతోంది. ఆ రెంటినీ కలిపే ముడి మాత్రం ఆ క్షణాన వదులైంది.

తేలిగ్గా తీసిపారేసే క్విజ్ ప్రశ్నలు మనస్తత్వ శాస్త్రంలో ఎంత పనిముట్టయ్యాయో చాలామందికి తెలియదు. 1980లో నెల్సన్, నారెన్స్ అనే పరిశోధకులు 300 సామాన్య విజ్ఞాన ప్రశ్నలను, ఒక్కొక్కటీ విద్యార్థులకు ఎంత కష్టమో కొలిచి ప్రచురించారు. జ్ఞాపకశక్తి మీద పనిచేసేవారికి అది తూకపు రాళ్ళ పెట్టెలాంటిది.

2009లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విద్యార్థులను మెదడును చిత్రించే స్కానరులో పడుకోబెట్టి 40 క్విజ్ ప్రశ్నలు చూపించారు. ప్రతి ప్రశ్నకూ ఎంత కుతూహలం కలిగిందో అడిగారు. బహుమతి దక్కబోతుందని ఆశించేటప్పుడు చురుకయ్యే మెదడు భాగాల్లో ఒకటి, కుతూహలం ఎక్కువైన ప్రశ్నలకు కూడా చురుకైంది. అసలు విశేషం వేరే ఉంది. కుతూహలం ఎక్కువగా ఉన్నది ఏమీ తెలియని ప్రశ్నల మీద కాదు, బాగా తెలిసినవాటి మీదా కాదు. సగం తెలిసినట్టున్న వాటి మీద. ఒకటి రెండు వారాల తర్వాత పరీక్షిస్తే, కుతూహలపడిన ప్రశ్నల జవాబులే ఎక్కువ గుర్తున్నాయి.

ధైర్యంగా తప్పు చెప్పడం కూడా వృథా పోదు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, నమ్మకంగా చెప్పిన తప్పులను సరిదిద్దితే, అనుమానంగా చెప్పిన తప్పుల కన్నా అవే బాగా గుర్తుండిపోయాయి. గట్టిగా నమ్మినది తప్పని తేలినప్పుడు మనిషి ఉలిక్కిపడి సరైన జవాబు మీద దృష్టి పెడతాడని వారి వివరణ. నిషాత్ తోట వేయించింది ఆసఫ్ ఖాన్ అని నేను ఈ జన్మలో మరిచిపోను.

టాక్సీ ఆగింది. డబ్బు ఇచ్చి తలెత్తితే ఎదురుగా పెద్ద అక్షరాలతో బోర్డు, షాలిమార్ అని. జేబులోని టికెట్టు మీద కూడా అదే పేరు. అన్నయ్య ఏమీ అనలేదు, సూట్‌కేసు మాత్రం అందించాడు.

కలకత్తా పద్ధతి

మన దేశంలో ఈ ఆట బారులో పుట్టలేదు, చర్చి హాలులో పుట్టింది. 1967లో కలకత్తాలోని క్రైస్ట్ ద కింగ్ చర్చి హాలులో నీల్ ఓబ్రయన్ నిర్వహించినదే దేశంలో మొదటి బహిరంగ క్విజ్ అని చెబుతారు. ఆయన ఆంగ్లో ఇండియన్, పుస్తక ప్రచురణ రంగంలో పేరున్నవారు, 2016లో కన్నుమూశారు. 1859 నాటి డల్‌హౌసీ ఇన్‌స్టిట్యూట్ వంటి క్లబ్బుల్లో ఈ ఆట వేళ్ళూనింది. బాంబులు, సమ్మెలు, కరెంటు కోతల 1970లలో కూడా ఆ ఊళ్ళో క్విజ్‌లు ఆగలేదంటాడు అన్నయ్య. మనవాళ్ళూ వెనకబడలేదు. హైదరాబాదులో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు 1972 నుంచి ఉంది. 1985లో సిద్ధార్థ బసు దూరదర్శన్‌లో 'క్విజ్ టైమ్' నడిపాక ఆట ఇంటింటికీ చేరింది. 2014లో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' తెలుగు టీవీలోకి వచ్చాక నాలుగు జవాబుల్లో రెంటిని తీసేయడమనే కిటుకు మన ముసలమ్మలకు కూడా పరిచయమైంది.

బారు పెట్టెకూ కలకత్తా క్లబ్బుకూ తేడా ప్రశ్నలోనే ఉంది. పెట్టె అడిగేది సాధారణంగా ఒక్క ముక్క సమాచారం: ఫలానా దేశపు రాజధాని ఏది, ఫలానా సినిమా ఎప్పుడొచ్చింది. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. క్లబ్బుల్లో రానురాను ఏర్పడిన పద్ధతిలో, అన్నయ్య అడిగినట్టు, మూడు నాలుగు దారాలు చేతికిచ్చి అవి కలిసే చోటు వెతకమంటారు. తోట తెలియకపోయినా అత్తరు తెలియవచ్చు, రెండూ తెలియకపోయినా ఇంటి గోడకు వేసిన రంగు డబ్బా గుర్తుకు రావచ్చు. ఒక జట్టుకు రాకపోతే ప్రశ్న తర్వాతి జట్టుకు పోతుంది. ఈలోగా హాల్లో అందరూ ఆలోచిస్తూనే ఉంటారు. కాలిఫోర్నియా స్కానరు పట్టుకున్న ఆ 'సగం తెలిసిన' స్థితిలో మనిషిని ఎక్కువసేపు నిలబెట్టే ప్రశ్నలివి. నాకు పెట్టె కన్నా ఇదే మేలనిపిస్తుంది. పోటీ పరీక్షల కోసం జవాబుల పుస్తకాలను వరసగా బట్టీ పట్టే మన కుర్రాళ్ళు మొదట జవాబును చేత్తో మూసుకుని, తప్పో ఒప్పో ఒకటి అనుకుని, ఆ తర్వాత చెయ్యి తీసి చూస్తే అదే గంటలో ఎక్కువ మిగులుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాల్లో కూడా, ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారి కన్నా, ఒకసారి చదివి చూడకుండా రాసుకున్నవారికే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది.

సెల్‌ఫోను చేసిన పని ఆ మూసిన చేతిని తీసేయడం. ఫోను వల్ల మన జ్ఞాపకశక్తి చెడిపోతోందన్న వాదన గట్టిగా వినిపిస్తుంది గాని, దానికి ఆధారంగా చూపే 2011 నాటి పరిశోధనలో ఒక ప్రయోగాన్ని తర్వాత ఇతరులు మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి ఆ మాట అంత ధీమాగా అనలేం. జవాబు మూడు సెకన్లలో దొరికితే కుతూహలం రగలడానికి టైముండదని మాత్రం నాకు అనిపిస్తుంది.

బండి కదిలే ముందు అన్నయ్య తలుపు దగ్గరికి వచ్చి ఇంకోటి వదిలాడు. "ఇక్కడికి దగ్గర్లోనే శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో ఒక చెట్టుంది. 1925లో దాని మొదలుకు తెగులు పట్టిందని నరికి తీసేశారు. చెట్టు మాత్రం ఇప్పటికీ పెరుగుతోంది. ఎలా?"

ఫోను తియ్యలేదు. ఖరగ్‌పూర్ దాటాక, కిటికీలోంచి ఊళ్ళు వెనక్కి పోతుంటే తట్టింది. ఫోన్ చేసి "మర్రి. ఊడలు" అన్నాను.

"గంటన్నర పట్టింది" అన్నాడు అన్నయ్య.