మీ గది మీ మాటను మింగేస్తోందా?

ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ ఉందంటే ఏమేం సర్దుకుంటారు? చొక్కా ఇస్త్రీ, వెనక గోడ మీద క్యాలెండర్‌ తీసేయడం, ముఖాన వెలుతురు పడేలా లైటు, నెట్‌ స్పీడు. గది ఎలా కనిపిస్తుందో అంతా చూసుకుంటారు. ఎలా వినిపిస్తుందో మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు. మహా అయితే ఫ్రెండ్‌కి ఓ కాల్‌ చేసి ‘వినపడుతోందారా?’ అంటారు. వాడు ‘ఆ, సూపర్‌’ అంటాడు. చిక్కంతా అక్కడే. వాడికి 21 ఏళ్లు. రేపు మిమ్మల్ని ప్రశ్నలడిగే ప్యానెల్లో యాభై దాటినవాళ్లు ఉండొచ్చు. ఆ చెవులు వేరు.

పాట, పాత, పాక

ఈ మూడు మాటలూ ఓసారి పైకి పలకండి. ‘పా’ గట్టిగా, పొడుగ్గా వస్తుంది. అర్థాన్ని మార్చేది మాత్రం తర్వాత వచ్చే చిన్న హల్లు. ఖాళీ గదిలో ఆ ‘ఆ’ శబ్దం గోడలకూ, కప్పుకూ తగిలి తిరిగొచ్చి సరిగ్గా ఆ హల్లు మీదే పడుతుంది. స్కూల్‌ ఫిజిక్స్‌లో చదివిన ప్రతినాదం ఇదే. అవతలివాళ్లకు మీరు నూతిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ‘ఫిఫ్టీన్‌’ అన్నారా, ‘ఫిఫ్టీ’ అన్నారా అని తడుముకుంటారు.

వయసు పెరిగేకొద్దీ ముందుగా తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల వినికిడి. స, ష, ఫ, త, క లాంటి హల్లులను గుర్తుపట్టే ఆనవాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. పరీక్షలో వినికిడి బాగానే ఉందని తేలినవాళ్లకు కూడా మోతలోంచి మాటను విడదీసుకోవడం వయసుతో కష్టమవుతుంది. అమెరికా పరిశోధకులు అనా నబెలెక్‌, పాలీన్‌ రాబిన్సన్‌ 1982లో ప్రచురించిన అధ్యయనంలో పదేళ్ల పిల్లల నుంచి డెబ్బై దాటినవాళ్ల దాకా ప్రతినాదంలో మాటలు వినిపించి చూశారు. యువతతో పోలిస్తే పిల్లలూ, పెద్దవాళ్లూ ఎక్కువ తడబడ్డారు. అంటే ఈ విషయంలో మీరు మంచి వయసులో ఉన్నారు. అందుకే మీకు తేడా తెలియదు.

అర్థం కాకపోతే మళ్లీ అడుగుతారుగా అంటారా? ఒకట్రెండుసార్లు అడుగుతారు. తర్వాత సగం ఊహించుకుంటూ వింటారు. మాటను పోల్చుకోవడానికే బుర్ర ఖర్చయిపోతే, మీరు చెప్పిన ప్రాజెక్టులో గొప్పేమిటో ఆలోచించడానికి మిగిలేది తక్కువ. యేల్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో ఇంకో సంగతి బయటపెట్టారు. ఒకే మాటలను మంచి మైకులోంచి ఒకసారి, రేకుడబ్బాలోంచి వచ్చినట్టుగా ఒకసారి వినిపిస్తే, రెండో గొంతుకు తెలివితేటల్లోనూ, ఉద్యోగానికి తగినవాళ్లన్న అంచనాలోనూ మార్కులు తగ్గాయి. వాళ్లు పరీక్షించింది మైకు నాణ్యతను, గది మోతను కాదు. అయినా శబ్దం పోతే మీ విలువ కూడా పోతుందని అర్థమవుతోంది కదా. అన్యాయమే. కానీ జరుగుతోంది.

ఒక చెవి మూసి చూడండి

మీ గది మీకు బాగానే ఉన్నట్టు ఎందుకుంటుంది? రెండు చెవులున్నాయి కాబట్టి. రెంటికీ అందే శబ్దాల్లోని తేడాను పట్టుకుని మెదడు మోతను చాలావరకు పక్కకు తోసేస్తుంది. గదికి అటు చివర ఎవరినైనా మాట్లాడమని, మీరు ఒక చెవి గట్టిగా మూసుకుని వినండి. ఉన్నట్టుండి మోత పెరిగినట్టుంటుంది. ల్యాప్‌టాప్‌ నుంచి అవతలికి వెళ్లేది మామూలుగా అలాంటి ఒంటిచెవి శబ్దమే.

గది మోతకు లెక్క కట్టినవాడు వాలెస్‌ సబైన్‌. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఓ లెక్చర్‌ హాల్లో మాట అయిదున్నర సెకన్ల పాటు మోగుతూనే ఉండేది. దాన్ని బాగుచేసే పని 27 ఏళ్ల ఈ కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్‌ నుంచి సీట్ల మెత్తలు మోసుకొచ్చి పరుస్తూ, స్టాప్‌వాచ్‌ పట్టుకుని మోత ఎంతసేపట్లో చస్తుందో కొలిచాడు. తేలిందేమిటంటే గది ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువ, మెత్తటి సామాను ఎంత ఉంటే అంత తక్కువ.

మీ గదికే వేసి చూద్దాం. 10×12 గది, 10 అడుగుల ఎత్తు అంటే 1,200 ఘనపు అడుగులు. నేల, కప్పు, గోడలు కలిపి 680 చదరపు అడుగులు. సున్నం గోడ, టైల్సు తమ మీద పడ్డ శబ్దంలో నూటికి 3 వంతులే పీల్చుకుంటాయనుకుంటే, మొత్తం సుమారు 20. సబైన్‌ సూత్రం ప్రకారం 1,200ను 0.049తో గుణించి 20తో భాగిస్తే దాదాపు 3 సెకన్లు. చిన్న తరగతి గదులకు అమెరికా ప్రమాణం 0.6 సెకన్లు. అంత తగ్గాలంటే శోషణ వందకు చేరాలి. పరుపులు, బొంతలు, జంపఖానా, దండెం నిండా బట్టలు, తలుపు తెరిచిన బట్టల బీరువా ఉంటే చాలావరకు అక్కడికి చేరొచ్చు.

ఇక్కడో తమాషా ఉంది. ఇంటర్వ్యూ కోసమని బంధువుల కొత్తింట్లో మార్బుల్‌ పరిచిన పెద్ద హాలు అడిగి తీసుకుంటారు కొందరు. చెవికి అంతకన్నా చెడ్డ చోటు ఉండదు. నాలుగు మంచాలు, నాలుగు పరుపులు, ఆరేసిన బట్టలతో ఇరుకుగా ఉన్న హాస్టల్‌ గదే మేలు, గొడవ చేసేవాళ్లు బయటికెళ్తే. బట్టలు కెమెరాకు కనపడకుండా మీ ఎదురుగా, పక్కన ఉంచండి చాలు. గుడ్ల అట్టలు అతికించడం లాంటివి నమ్ముకోకండి, వాటితో పెద్దగా ఒరిగేదేం లేదు.

అన్నిటికంటే చవకైన మందు మైకును నోటి దగ్గరికి తేవడం. దూరం సగమైన ప్రతిసారీ మీ నోటి నుంచి నేరుగా చేరే శబ్దం 6 డెసిబెల్స్‌ పెరుగుతుంది. గది మోత మాత్రం అలాగే ఉంటుంది. రెండడుగుల దూరంలోని ల్యాప్‌టాప్‌ మైకు బదులు అర అడుగు దూరంలో ఉండే మామూలు వైరు ఇయర్‌ఫోన్‌ మైకు వాడితే 12 డెసిబెల్స్‌ లాభం. వైరుదే ఎందుకంటే, చాలా బ్లూటూత్‌ ఇయర్‌బడ్స్‌ మైకు ఆన్‌ కాగానే శబ్దం నాణ్యతను తగ్గించేస్తాయి. ‘స’లూ ‘ఫ’లూ ముందు పోతాయి. మీటింగ్‌ సెట్టింగుల్లో ఆ మైకే ఎంచుకున్నారో లేదో కూడా చూసుకోండి. చెవిలో ఇయర్‌ఫోన్‌, మాట తీసుకునేది ల్యాప్‌టాప్‌ మైకు, ఇది మామూలుగా జరిగేదే. గట్టిగా అరిస్తే మాత్రం ఫలితం లేదు. మాటతోపాటు మోత కూడా అంతే పెరుగుతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య కాస్త ఆగండి, మోత చావడానికి టైమిచ్చినట్టవుతుంది.

ఇక టెస్ట్‌ కాల్‌ ఫ్రెండ్‌కి వద్దు. తాతయ్యకో, అమ్మమ్మకో, రిటైరైన పెదనాన్నకో చేయండి. వరుస లేని అంకెలు కొన్ని, పాట–పాత–పాక లాంటి మాటలు పది చెప్పి, విన్నది విన్నట్టు తిరిగి చెప్పమనండి. ఎన్ని తప్పాయో రాసుకుని, మైకు మార్చి, మంచం మీది బొంత ఎదురు గోడకు వేలాడదీసి, ఈసారి వేరే మాటలతో మళ్లీ చేయండి. ‘వినపడుతోందిలే నాన్నా’ అంటే మాత్రం నమ్మకండి. మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలాగే అంటారు. తిరిగి చెప్పించుకోండి.