ఆకు మీది పెంకు పురుగుకు పేరు ఎలా నిలుస్తుంది?

ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక పుదుచ్చేరి పట్టణ శివార్లలో చెరువు గట్లు, కాలువ ఒడ్లు పచ్చబడతాయి. అక్కడ గుబురుగా పెరిగే లొట్టపీసు మొక్కల ఆకులకు చిల్లులు కనిపిస్తే, ఆకును ఒకసారి తిరగేసి చూడాలి. అంచులు గాజులా పారదర్శకంగా ఉండి, నడుమ భాగం బంగారంలా మెరిసే చిన్న తాబేలు లాంటి పురుగు అక్కడ ఉండవచ్చు. పెరట్లో చిలగడదుంప తీగ వేసుకున్న వారికీ ఇది కొత్త కాదు. ఫొటో తీసే విద్యార్థి అయినా, మందు కొట్టాలా వద్దా అని ఆలోచించే తోటమాలి అయినా మొదట అడిగేది ఒకటే: ఇది ఏ పురుగు?

ఈ చిన్న ప్రశ్నకు కచ్చితమైన జవాబు చెప్పాలంటే మూడు ఆధారాలు కావాలి. మొదటిది పురుగు శరీరం, రెండవది అది తినే మొక్క, మూడవది అది దొరికిన చోటును, తేదీని చెప్పే చీటీ. వీటిలో ఏది తప్పినా పేరు తప్పే ప్రమాదం ఉంది. పేరు తప్పితే పంటకు మేలు చేసే పురుగును చంపుకోవచ్చు, కీడు చేసేదాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చు.

ఒకే కుటుంబం, ఎన్నో రూపాలు

ఈ తాబేలు పురుగు ఆకు పెంకు పురుగుల కుటుంబానికి చెందినది. శాస్త్రవేత్తలు దీన్ని క్రైసోమెలిడే అంటారు. ప్రపంచవ్యాప్తంగా ఈ కుటుంబంలో ఇప్పటికి 35,000కు పైగా జాతులను వర్ణించారు. ఉష్ణమండల దేశాల్లో పేరు పెట్టనివి ఇంకా చాలా ఉన్నాయి.

పేరు కొత్తగా అనిపించినా ఈ కుటుంబం మన రైతులకు బాగా తెలిసినదే. వరి ఆకుల మీద తెల్లటి చారలు తెచ్చే తాటాకు తెగులు పురుగు ఇందులోదే. దోస, గుమ్మడి, సొర మొలకలను కొరికే నారింజ రంగు గుమ్మడి పెంకు పురుగు కూడా ఇందులోదే. డబ్బాలో దాచిన పెసలు, అలసందలకు చిల్లులు పెట్టే పుచ్చు పురుగులనూ శాస్త్రవేత్తలు ఇప్పుడు ఈ కుటుంబంలోనే చేరుస్తున్నారు.

రూపాలు ఇన్ని ఉన్నప్పుడు ఒక పురుగు ఈ కుటుంబానిదే అని చెప్పడానికి పాదాలు సాయపడతాయి. భూతద్దంలో చూస్తే ఆకు పెంకు పురుగు పాదంలో నాలుగు కణుపులు కనిపిస్తాయి. నిజానికి ఉన్నవి ఐదు. మూడవ కణుపు రెండు పాయలుగా వెడల్పుగా ఉంటుంది, చాలా చిన్నదైన నాలుగవ కణుపు దాని మధ్యలో దాక్కుంటుంది. వెడల్పైన కణుపుల అడుగున దట్టంగా ఉండే సన్నని రోమాల వల్లనే పురుగు నున్నటి ఆకు మీద జారిపోకుండా నడవగలుగుతుంది.

మన వాడుక పేర్లు ఇంత దూరం వెళ్లవు. పేనుబంకను తిని పైరును కాపాడే చుక్కల పురుగునూ అక్షింతల పురుగు అనే అంటారు, వంగ ఆకును గీరి జల్లెడ చేసే చుక్కల పురుగునూ అదే పేరుతో పిలుస్తారు. ఆ రెండూ ఆకు పెంకు పురుగులు కావు, వాటి కుటుంబం వేరు. వాటి పాదాల్లో పైకి కనిపించే కణుపులు మూడే. వాడుక పేరు ఒకటే అయినా ఒకటి మిత్రపురుగు, ఇంకొకటి శత్రువు. రెంటినీ వేరు చేసి చెప్పడానికే ప్రతి జాతికీ ఒక శాస్త్రీయ నామం ఉంటుంది.

రంగును నమ్మితే చిక్కు

పురుగును గుర్తించేటప్పుడు ఎవరి కళ్లయినా ముందు రంగు మీదికే వెళతాయి. తాబేలు పురుగుల విషయంలో రంగు అంత నమ్మదగిన సాక్షి కాదు. వాటి బంగారు మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు. పైపెంకులోని పలచటి పొరల మధ్య తేమ ఉన్నంతవరకు, ఆ పొరల మీద పడిన కాంతి మెరుపుగా తిరిగి వస్తుంది. పురుగు చనిపోయి ఎండిపోయాక మెరుపు పోయి, మసక గోధుమ రంగు మిగులుతుంది. అందుకే బతికున్నప్పుడే ఫొటో తీసి ఉంచాలి.

లొట్టపీసు మీదే కనిపించే మరో తాబేలు పురుగు ఆస్పిడిమార్ఫా మిలియారిస్. దాని పైరెక్కల మీద నల్ల చుక్కలుంటాయి. చుక్కల సంఖ్య, పరిమాణం ఒక్కో పురుగులో ఒక్కోలా ఉంటాయి, కొన్నింటిలో చుక్కలు కలిసిపోతాయి కూడా. చుక్కలు లెక్కపెట్టి పేరు చెబితే ఒకే జాతిని నాలుగు జాతులుగా పొరబడే అవకాశం ఉంది.

అందుకే నిపుణులు సూక్ష్మదర్శిని కింద మారని లక్షణాలను చూస్తారు. మీసాల్లోని కణుపుల పొడవుల నిష్పత్తి, మెడ కవచం ఆకారం, పైరెక్కల మీది గుంటల వరుసలు, గోళ్ల నిర్మాణం వంటివి ఈ కోవలోకి వస్తాయి. బయటికి ఒకేలా కనిపించే జాతులను వేరు చేయడానికి చాలాసార్లు జననాంగాలే దారి చూపుతాయి. పొట్ట కొసను క్షార ద్రావణంలో ఉంచి మెత్తని కణజాలాన్ని కరిగిస్తే, మగ పురుగులో గట్టి గొట్టం లాంటి అంగం, ఆడ పురుగులో వీర్యాన్ని నిల్వ చేసే చిన్న సంచి స్పష్టంగా కనిపిస్తాయి. ఒక జాతిలో వీటి వంపు, కొస ఆకారం దాదాపు స్థిరంగా ఉంటాయి.

మొక్క చెప్పే సాక్ష్యం

ఆకు పెంకు పురుగుల్లో చాలా జాతులు దొరికిన ప్రతి ఆకునూ తినవు. ఒక్కోటి ఒక మొక్కకో, దాని దగ్గరి బంధువులకో పరిమితమవుతుంది. పైన చెప్పిన తాబేలు పురుగులు లొట్టపీసు, చిలగడదుంప వంటి ఒకే వర్గం మొక్కల మీద బతుకుతాయి. వాటి పిల్ల పురుగులూ అదే ఆకు తింటాయి. అవి విడిచిన పాత చర్మాలను తోక కొసన ఉన్న కొంకికి తగిలించుకుని, శత్రువు దగ్గరకొస్తే గొడుగులా వీపు మీదికి ఎత్తుతాయి. పిల్ల పురుగు దొరికితే పెద్ద పురుగు గుర్తింపు ఇంకా సులువవుతుంది.

ఈ కారణంగా పురుగుతో పాటు మొక్క పేరు కూడా సరిగ్గా రాయాలి. ఆ పనికి పుదుచ్చేరిలో మంచి వసతి ఉంది. 1955లో ఏర్పడిన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాండిచ్చేరిలోని హెర్బేరియంలో దక్షిణ భారత మొక్కల ఎండు నమూనాలు వేల సంఖ్యలో ఉన్నాయి. పట్టణంలోని బొటానికల్ గార్డెన్ 1826 నాటిది. ఇక్కడి తీరం వెంట కొద్దికొద్దిగా మిగిలిన ఉష్ణమండల పొడి సతతహరిత అడవుల్లో, గ్రామాల దేవతా వనాల్లో పెరిగే అరుదైన మొక్కల మీద ఏ పురుగులు బతుకుతున్నాయో నమోదు చేయాల్సింది ఇంకా ఎంతో ఉంది. మొక్క పోతే దాన్నే నమ్ముకున్న పురుగు కూడా పోతుంది.

చీటీ తప్పితే పేరే తప్పవుతుంది

మూడవ ఆధారం చీటీ. నమూనాకు గుచ్చిన సూదికి వేలి గోరంత కాగితం ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏ మొక్క మీద, ఎవరు సేకరించారో దాని మీద రాస్తారు. ఈ కాగితంలో పొరపాటు జరిగితే ఏమవుతుందో చెప్పడానికి ఒక బంగారు తాబేలు పురుగు పేరే ఉదాహరణ. దాని శాస్త్రీయ నామం ఆస్పిడిమార్ఫా శాంక్టేక్రూసిస్. 1792లో డానిష్ శాస్త్రవేత్త జోహాన్ క్రిస్టియన్ ఫాబ్రీషియస్ ఈ జాతికి పేరు పెట్టాడు. పేరులోని రెండవ మాటకు ‘పవిత్ర శిలువకు చెందిన’ అని అర్థం. కరీబియన్ సముద్రంలో అప్పటి డానిష్ వలస ద్వీపం సెయింట్ క్రోయ్‌ను అది సూచిస్తుంది. పురుగు మాత్రం దక్షిణ, ఆగ్నేయాసియా దేశాలది. అర్థం సరిపోకపోయినా, ఒకసారి నియమం ప్రకారం పెట్టిన పేరును ఆ కారణంతో మార్చరు.

ఫాబ్రీషియస్‌కు మన తీరంతో సంబంధం ఉంది. కారైకాల్‌కు ఉత్తరాన కొద్ది దూరంలో ఉన్న తరంగంబాడి 1620 నుంచి 1845 వరకు డేన్ల చేతిలో ఉండేది. అక్కడి నుంచి యూరప్ చేరిన ఎన్నో కీటకాలకు ఆయన పేర్లు పెట్టాడు. 20వ శతాబ్దం మధ్య కాలంలో కారైకాల్ ప్రాంతంలోని కురుంబగరం గ్రామంలో ఉన్న పి. సూసై నాథన్ దక్షిణ భారతంలో కీటకాలను సేకరించి ప్రపంచ మ్యూజియాలకు పంపారు. ఆయన పేరు మీద ‘నాథని’ అన్న మాట ఎన్నో కీటకాల పేర్లలో చేరింది. అంటే ఈ తీరం పురుగులను పోల్చి చూడాల్సిన పాత నమూనాల్లో చాలా భాగం విదేశాల్లోనే ఉన్నాయి.

కొత్త జాతి అని ఎప్పుడు అంటారు?

పుదుచ్చేరిలో దొరికిన ఒక పురుగు ఏ పాత పేరుకూ సరిపోలేదనుకుందాం. అంతమాత్రాన అది కొత్త జాతి అయిపోదు. ముందు పాత వర్ణనలన్నీ తిరగేయాలి. భారతదేశపు తాబేలు పురుగుల మీద సమరేంద్ర మౌలిక్ 1919లో రాసిన సంపుటం ఇప్పటికీ మొదట తెరిచే పుస్తకాల్లో ఒకటి. ఆ తర్వాత, ప్రతి పాత పేరుకూ ప్రమాణంగా భద్రపరచిన మూల నమూనాతో కొత్త పురుగును పోల్చాలి. వర్ణనలోని మాటలకు ఇద్దరు రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. నమూనా ఉంటే ఎవరైనా మళ్లీ చూసి తేల్చుకోవచ్చు.

పోలిక పూర్తయి, జాతి కొత్తదే అని తేలితే వర్ణన రాస్తారు. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. ప్రస్తుతం అమలులో ఉన్న నాలుగవ ముద్రణ 2000 జనవరి 1 నుంచి వర్తిస్తోంది. దాని ప్రకారం ప్రజాతి, జాతి అనే రెండు మాటల పేరు ఉండాలి. దగ్గరి జాతుల నుంచి దీన్ని వేరు చేసే లక్షణాలు చెప్పాలి. ఒక నమూనాను హోలోటైప్‌గా నిర్దేశించి, దాన్ని ఏ సంస్థలో ఉంచుతారో తెలపాలి. భారతదేశంలో 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు ప్రభుత్వం గుర్తించిన సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ అప్పగించాలి. 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థల్లో ముఖ్యమైనది.

ఇప్పుడు డీఎన్‌ఏ కూడా తోడైంది. మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో సుమారు 650 అక్షరాల వరుసను చదివి, బార్‌కోడ్‌లా పోలుస్తారు. పిల్ల పురుగుకూ పెద్ద పురుగుకూ ఇదే వరుస ఉంటుంది కనుక ఇది ఎంతో ఉపయోగం. అయితే పోల్చడానికి సరైన పేరుతో నమోదైన వరుస ముందే ఉండాలి. ఆ పేరును మొదట ఎవరో ఒకరు సూక్ష్మదర్శిని కింద తేల్చి ఉండాలి.

పేరు కాపాడిన పురుగు

ఇంత శ్రమ ఎందుకు అనే ప్రశ్నకు రోడ్డు పక్కన పెరిగే వయ్యారిభామ సమాధానం చెబుతుంది. 1950ల మధ్యలో పుణెలో గమనించిన ఈ అమెరికా కలుపు మొక్క తర్వాత దేశమంతా పాకింది, చర్మానికి, శ్వాసకు ఇబ్బంది తెచ్చింది. దాన్ని తినే జైగోగ్రామా బైకలరాటా అనే ఆకు పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి, పరీక్షలు చేశాక, 1984లో బెంగళూరులో విడుదల చేశారు. 1990ల మొదట్లో ఇది కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతోందన్న వార్తలు కలకలం రేపాయి. ప్రభుత్వం నిజనిర్ధారణ సంఘాన్ని వేసింది. పొద్దుతిరుగుడు ఆకు మీద పడిన వయ్యారిభామ పుప్పొడి పురుగును తినడానికి ప్రేరేపిస్తోందని 1993లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పొద్దుతిరుగుడుకు ఇది చీడ కాదని చివరకు తేలింది. పురుగు పేరు కచ్చితంగా తెలిసి ఉండడం వల్లనే దాని ఆహారం మీద జరిగిన పాత పరీక్షలను, కొత్త పరిశీలనలను పక్కపక్కన పెట్టి చూడగలిగారు.

ఈ పురుగు లేత పసుపు రెక్కల మీద గోధుమ రంగు వంకర చారలు ఉంటాయి. బంగాళదుంప పంటను నాశనం చేసే కొలరాడో పెంకు పురుగు రెక్కల మీద కూడా చారలే ఉంటాయి, రెక్కకు ఐదు చొప్పున పది. భారతదేశంలోకి రాకుండా జాగ్రత్తపడాల్సిన చీడ అది. చారల పురుగు అనగానే ఒకదాన్ని ఇంకొకటిగా అనుకోవడం తేలిక. తేడా తేల్చేది గోళ్లు. జైగోగ్రామాలో ప్రతి పాదం కొసన ఉండే రెండు గోళ్లు మొదట్లో అతుక్కుని పక్కపక్కనే సాగుతాయి. కొలరాడో పురుగులో అవి విడివిడిగా ఎడంగా ఉంటాయి. మిల్లీమీటరులో చిన్న భాగమంత ఉండే ఈ తేడాను చూడగలిగిన కన్ను ఓడరేవులో, పొలంలో ఎంతో విలువైనది.

ఈ పనిలో సామాన్య పాఠకులకూ చోటుంది. పురుగు కనిపిస్తే బతికుండగానే పైనుంచి, పక్కనుంచి ఫొటోలు తీయాలి. అది తింటున్న ఆకును, మొక్క పువ్వును కూడా తీయాలి. తేదీ, ఊరు, చోటు రాసిపెట్టుకోవాలి. రక్షిత అటవీ ప్రాంతాల్లో అనుమతి లేకుండా సేకరించకూడదు. మందు డబ్బా తీసే ముందు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో, కళాశాల జంతుశాస్త్ర విభాగానికో చూపించాలి. పుదుచ్చేరి చెరువు గట్టు మీద సరిగ్గా రాసిన ఒక చిన్న చీటీ, పేరు లేని పురుగుకు పేరు పెట్టే రోజున మొదటి ఆధారం కావచ్చు.