కంచె చేను మేసిన చందము: నకిలీ యాంటీవైరస్ మోసములు, వాని నివారణ

అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్టసీమలో రైతు బ్రతుకు వానచినుకుపై ఆధారపడినది. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు ఈ నేలలో రూపాయి చేతికందుట ఎంత కష్టమో పంచాయతీ సభ్యులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. వేరుశనగ అమ్మిన సొమ్ము, పంటల బీమా పరిహారము, పి.ఎం. కిసాన్ సాయము, ఉపాధి హామీ కూలి నేడు చాలవరకు బ్యాంకు ఖాతాలకే చేరుచున్నవి. ఆ ఖాతాల తాళపుచెవి కంప్యూటరులోను, సెల్‌ఫోనులోను ఉన్నది. కావున నేటి దొంగకు గోడకు కన్నము వేయు పని లేదు. ఆ తాళపుచెవిని మన చేతులతోనే అతనికి ఇప్పించు ఉపాయములు అనేకము బయలుదేరినవి. వానిలో మిక్కిలి మాయతో కూడినది నకిలీ యాంటీవైరస్ మోసము.

కంప్యూటరు నేడు పట్టణములకే పరిమితమైన వస్తువు కాదు. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయముల వ్యవస్థ ఆరంభమైన పిమ్మట అది ఊరూర కనబడుచున్నది. బెంగుళూరులో ఉద్యోగము చేయు పిల్లలు తాము వాడిన ల్యాప్‌టాపును ఇంటికి పంపుచున్నారు. కళాశాల విద్యార్థుల ఇండ్లలోను కంప్యూటర్లు ఉన్నవి. పంచాయతీ నిధుల చెల్లింపులు సైతము ‘ఇ-గ్రామస్వరాజ్’ ద్వారా డిజిటల్ సంతకముతో జరుగుచున్నవి. అట్టి సంతకపు టోకెను పెట్టు కంప్యూటరులో చీడ ప్రవేశించినచో, ప్రమాదము ఒక ఇంటికే గాక ఊరి సొమ్మునకంతకును కలదు.

మోసము జరుగు తీరు

కంప్యూటరునకు హాని చేయుటకై వ్రాయబడిన ప్రోగ్రామును ‘మాల్‌వేర్’ అందురు. వైరస్ అందులో ఒక రకము. దానిని కనిపెట్టి తొలగించు ప్రోగ్రామునకు ‘యాంటీవైరస్’ అని పేరు. అది చేనికి కంచె వంటిది. ఆ కంచె వేషము వేసికొనియే దొంగ చేనిలో ప్రవేశించుట ఈ మోసములోని కిటుకు.

ఒకడు ఇంటర్నెట్‌లో సినిమా కొరకో, పరీక్షా ఫలితముల కొరకో వెదకుచుండును. హఠాత్తుగా తెరయంతయు ఎర్రబారును. ‘మీ కంప్యూటరులో 5 వైరసులు ఉన్నవి, వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు, కంప్యూటరును ఆపవద్దు’ అను హెచ్చరిక కనబడును. సైరను మ్రోగును. కొన్ని సమయములందు పెద్ద సంస్థల చిహ్నములు కూడ కనిపించును.

భయపడి ఫోను చేసినచో, అవతలివాడు మర్యాదగా మాటలాడుచు ‘ఎనీడెస్క్’, ‘టీమ్‌వ్యూయర్’ వంటి ప్రోగ్రామును పెట్టించును. ఇవి దూరమునుండి కంప్యూటరును సరిచేయుటకు ఏర్పడిన మంచి సాధనములే. కాని దొంగ చేతికి చిక్కినప్పుడు మన కంప్యూటరు అతని కంప్యూటరే యగును. అతడు కంప్యూటరులో నిత్యము ఉండు సామాన్యమైన నమోదులను చూపి ‘ఇవియే వైరసులు’ అని నమ్మించును. మందు పేర సొమ్ము గుంజును, లేదా సొమ్ము కట్టుటకై మనము బ్యాంకు ఖాతాను తెరచినపుడు రహస్య సంకేతములను కనిపెట్టును.

ఇందలి నిజమొక్కటి గుర్తుంచుకొనవలెను. బ్రౌజరులో తెరచిన పేజీ మన కంప్యూటరును శోధించి వైరసులను లెక్కింపజాలదు. ఆ ‘5 వైరసులు’ ముందుగానే వ్రాసియుంచిన బొమ్మ మాత్రమే. విండోస్ తయారుచేయు మైక్రోసాఫ్ట్ సంస్థ తన హెచ్చరికలలో ఫోను నంబరు ఎన్నడును ఇయ్యదని ఆ సంస్థయే ప్రకటించియున్నది.

లోకమంతట పాకిన వంచన

ఈ వంచన నిన్నమొన్నటిది కాదు. ‘విన్‌ఫిక్సర్’, ‘ఎక్స్‌పి యాంటీవైరస్’ మొదలగు పేర్లతో బూటకపు ప్రోగ్రాములను అమ్మిన ఒక ముఠాపై అమెరికా దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో వ్యాజ్యము వేసినది. పది లక్షలమందికి పైగా ఆ ప్రోగ్రాములను కొని మోసపోయిరి. 2012లో న్యాయస్థానము 16 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పినది.

ఆ పిమ్మట ఇట్టి ముఠాలు మన దేశములోను కాల్ సెంటర్లు తెరచినవి. 2023 అక్టోబరులో సి.బి.ఐ. ‘ఆపరేషన్ చక్ర-2’ పేర జరిపిన దాడులలో, సాంకేతిక సహాయకులమని చెప్పి విదేశీయులను వంచించిన కాల్ సెంటర్లు బయటపడినవి. 2025 మే నెలలో మన రాష్ట్రమందే, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున, అమెరికా పౌరులను మోసగించుచుండిన ఒక నకిలీ కాల్ సెంటరును పోలీసులు పట్టుకొనిరి. కావున ఫోనులో తెలుగు మాట వినబడినంత మాత్రమున అవతలివాడు మనవాడని నమ్మరాదు.

భయపెట్టువారు బూటకమని చెప్పినంతనే అసలు వైరసులు లేవనుకొనుటయు పొరపాటే. 2017 మే 12వ తేదీన ‘వాన్నాక్రై’ అను మాల్‌వేర్ సుమారు 150 దేశములలో వ్యాపించి, దస్త్రములకు తాళము వేసి సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దానివాత బడినవి. దానికి విరుగుడైన సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 2017 మార్చిలో విడుదల చేసియుండెను. సవరణలు వేసికొనని కంప్యూటర్లే ముఖ్యముగా నష్టపడినవి. విండోస్ 10కి ఉచితముగా వచ్చు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. పాత ల్యాప్‌టాపు గలవారు విండోస్ 11నకు మారు వీలున్నదేమో విచారించుకొనవలెను.

హెచ్చరిక కనబడినపుడు

ముందు భయము, వెంట తొందర, ఆపై సొమ్ము: ఈ మూడును ఒకచోట కనబడినచో మోసమని ఎరుగవలెను. ఆ నంబరునకు ఫోను చేయరాదు. ఆ పేజీలో దేనిని నొక్కరాదు. ‘ఎస్కేప్’ మీటను కొంతసేపు నొక్కిపట్టినచో తెర చిన్నదగును. అపుడు బ్రౌజరును మూయవలెను. మూతపడనిచో ‘కంట్రోల్’, ‘షిఫ్ట్’, ‘ఎస్కేప్’ మీటలను ఒక్కసారి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజరును ఎంచి ‘ఎండ్ టాస్క్’ అనవలెను. అదియు సాగనిచో కంప్యూటరును ఆపివేయవచ్చును. తిరిగి తెరచునపుడు పాత పేజీలను మరల తెరువుమని కోరరాదు.

తెర మూలన మాటిమాటికి వైరస్ హెచ్చరికలు వచ్చుచున్నచో, ఏదో ఒక పేజీలో తెలియక ‘అలౌ’ నొక్కియుందురు. బ్రౌజరు సెట్టింగ్సులోని ‘నోటిఫికేషన్స్’ భాగమునకు పోయి, ఎరుగని పేర్లను తొలగించినచో ఆ గోల మానును.

చీడ ప్రవేశించినచో

ఎవరికైనను కంప్యూటరును అప్పగించియున్నను, తెలియని ప్రోగ్రామును పెట్టియున్నను ఈ వరుసను పాటింపవలెను.

మొదటిది, ఇంటర్నెట్‌ను వెంటనే తెంచివేయవలెను. శుద్ధి ముగియువరకు ఆ కంప్యూటరులో బ్యాంకు పని చేయరాదు. డిజిటల్ సంతకపు టోకెను అందులో ఉన్నచో తీసివేయవలెను.

రెండవది, ‘సెట్టింగ్స్’లోని ‘యాప్స్’ జాబితాను చూచి, ఆనాడు పెట్టిన ప్రోగ్రాములను, ఎరుగని యాంటీవైరసులను ‘అన్‌ఇన్‌స్టాల్’ చేయవలెను. బ్రౌజరులో ఎరుగని ‘ఎక్స్‌టెన్షన్లు’ ఉన్నచో వానిని కూడ తొలగింపవలెను.

మూడవది, ఇంటర్నెట్ తిరిగి కలిపి ‘విండోస్ సెక్యూరిటీ’ని తెరచి, దానికి తాజా సమాచారము అందించి, ‘ఫుల్ స్కాన్’ జరుపవలెను. ఈ రక్షణ విండోస్‌తోపాటే ఉచితముగా వచ్చును. మొండి చీడకు ‘ఆఫ్‌లైన్ స్కాన్’ కలదు. ఇందులో విండోస్ మేల్కొనకమునుపే శోధన జరుగును గనుక మాల్‌వేర్ దాగజాలదు. భారత ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో నెలకొల్పిన ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రము’ సైతము చీడను తొలగించు సాధనములను ఉచితముగా ఇచ్చుచున్నది.

నాల్గవది, చీడలేని వేరొక సాధనమునుండి బ్యాంకు, ఇ-మెయిలు పాస్‌వర్డులను మార్చవలెను. చీడ ఉన్న కంప్యూటరులోనే మార్చుట, దొంగ చూచుచుండగా కొత్త తాళము కొనుట వంటిది.

ఇన్నియు చేసినను కుదురుపడనిచో, ఫోటోలను, పత్రములను మాత్రము వేరుచోట దాచుకొని, విండోస్‌ను మొదటినుండి వేయించుట మేలు. క్రాక్ చేసిన విండోస్‌ను వేయించుట మాత్రము తగదు. వెళ్లగొట్టిన చీడ మరల అందుండియే రావచ్చును.

సెల్‌ఫోనునకును ఇదే నీతి. పి.ఎం. కిసాన్ పేరనో, వాహనపు జరిమానా పేరనో వాట్సాప్‌లో వచ్చు ‘ఏపీకే’ దస్త్రమును తెరువరాదు.

సొమ్ము పోయినచో

సొమ్ము పోయినదని తెలిసిన క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు వెనువెంటనే తరలించును. అది ఇంకను బ్యాంకులలో ఉండగనే ఫిర్యాదు అందినచో, దానిని నిలుపుచేయు అవకాశము కలదు. గంటలు గడచినకొలది ఆశ సన్నగిల్లును. తమ బ్యాంకునకు కూడ వెంటనే తెలుపవలెను. ఖాతాదారు పొరపాటువలన నష్టము జరిగినను, బ్యాంకునకు తెలిపిన తరువాత జరుగు నష్టమును బ్యాంకే భరింపవలెనని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6వ తేదీ ఉత్తరువులో నిర్దేశించినది.

పంచాయతీల కర్తవ్యము

తొలకరి వానలకు ఎర్ర గొంగళిపురుగు రెక్కల పురుగులు లేచునపుడు, ఒక్క రైతు తన చేనిగట్టున మంట వేసినచో చాలదని మన రైతులు ఎరుగుదురు. ఊరంతయు ఒకే రాత్రి మంటలు వేసిననే చీడ అదుపగును. కంప్యూటరు చీడ విషయము కూడ ఇట్టిదే. ఒకరి పెన్ డ్రైవ్ ఊరిలోని పది కంప్యూటర్లను చుట్టివచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. 1930 నంబరును పంచాయతీ కార్యాలయము, పాఠశాల, రైతు సేవా కేంద్రము, రచ్చకట్ట వద్ద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. గ్రామసభలో ఒక పావుగంట ఈ విషయమునకు కేటాయించి, చదువుకొన్న యువకులచే నకిలీ హెచ్చరిక ఎట్లుండునో చూపింపవలెను. పంచాయతీ కంప్యూటరులో ఎవరి పెన్ డ్రైవ్ పెట్టినను ముందు స్కాన్ చేయించు నియమము పెట్టవలెను. సంతకపు టోకెనును పని ముగిసినంతనే తీసి భద్రపరచవలెను; దాని రహస్య సంఖ్యను ఇతరులకు చెప్పరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. మోసపోయినవానిని ఎగతాళి చేయరాదు. నలుగురు నవ్వుదురను సిగ్గుచేత అతడు విషయమును దాచిన ఆ ఒక్కరోజే దొంగకు చాలును. మోసపోయినవాడు జంకులేక వచ్చి చెప్పుకొనగల తావు పంచాయతీయే కావలెను. సభ్యుడు అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని 1930కి ఫోను చేయించిననాడు, ఎండకోర్చి పండించిన పంట సొమ్ము తిరిగి ఆ ఇల్లు చేరు అవకాశము కలుగును.